పేరు ఒక్కటే – దుకాణాలు రెండు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఉద్యోగకాలపు ముచ్చట్లకన్నా మన సభ్యుల కుటుంబాలకు పనికివచ్చే విషయం రాస్తే మేలనిపించింది. మనలో చాలామంది పదవీ విరమణ సొమ్ములోంచి కొంత తీసి పిల్లల చేత దుకాణమో, మెస్సో, మిఠాయి కొట్టో పెట్టిస్తున్నాం. అద్దె, అడ్వాన్సు, ఫర్నిచరు, సరుకు అన్నింటికీ లెక్కలు వేస్తాం. బోర్డు మీద పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో అందరం కూర్చుని పది నిమిషాల్లో తేల్చేస్తాం. ఆ పేరే కొన్నేళ్ల తర్వాత వకీలు నోటీసై ఇంటికి రావడం మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు కూడా ఇప్పుడు వింటున్నాం.

నేను వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసినవాణ్ణి. ఈ మూడు ప్రాంతాల్లోనూ దుకాణాల లెక్కలు చూశాను. మా రిజిస్టర్లలో లక్ష్మీ కిరాణాలు, వేంకటేశ్వర జనరల్ స్టోర్లు, రాజరాజేశ్వర క్లాత్ స్టోర్లు ఎన్ని ఉండేవో లెక్క లేదు. మాకు పేరుతో పని లేదు, నంబరుతోనే పని. రిజిస్ట్రేషన్ నంబరు వేరైతే డీలరు వేరు. కానీ కొనేవాడికి నంబరు తెలియదు, పేరు ఒక్కటే తెలుసు. ఒకే పేరు ఇద్దరు పెట్టుకుంటే ఆ పేరు ఎవరిదన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం ఎలా వచ్చింది, కోర్టులు ఏమన్నాయి, మన ఊళ్లకు అది ఎలా వర్తిస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఊళ్ల పేర్ల నుంచే మొదలుపెడదాం

పేరు కలిస్తే వచ్చే చిక్కు మన పాత వరంగల్ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కాజీపేట లైను మీద ఒక ఘన్‌పూర్ ఉంది. ములుగు అవతల, కోటగుళ్లున్న చోట, ఇంకో ఘన్‌పూర్ ఉంది. మొదటిదాన్ని స్టేషన్ ఘన్‌పూర్ అన్నారు. రెండోదాన్ని ఘన్‌పూర్ పక్కన ములుగు చేర్చి రాశారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు మొదటిది జనగామ జిల్లాలోకి, రెండోది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అలాగే మహబూబాబాద్‌కు రావలసిన కవరు మహబూబ్‌నగర్ చుట్టి రావడం మా ఆఫీసులో చూశాను. అందుకే కాబోలు మనవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రెండు ఘన్‌పూర్‌లలో ఏదీ తన పేరు వదులుకోలేదు. పక్కన ఒక మాట చేర్చుకుని రెండూ బతికాయి. వ్యాపారంలోనూ కొన్నిసార్లు ఇలాగే జరుగుతుంది, కొన్నిసార్లు జరగదు. ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్నదే ఈ చట్టం సారమంతా.

మార్కా అన్న మాట

ట్రేడ్‌మార్కు అనే మాట చదువుకున్నవాళ్లది. మన అంగళ్లలో దాన్ని మార్కా అంటారు. గుర్రం మార్కా, గొడుగు మార్కా, ఏనుగు మార్కా అని అడిగి కొన్న తరం మనది. అక్షరం రానివాడికి బొమ్మే పేరు. పూర్వం మాంచెస్టరు నుంచి దిగుమతయ్యే గుడ్డ తానుల మీద మన దేవతల బొమ్మలున్న రంగు కాగితాలు అంటించి పంపేవారు. భక్తి కోసం కాదు, కొనేవాడు మళ్లీ అదే తాను గుర్తుపట్టి అడగాలని. మన భూపాలపల్లి, ములుగు అడవుల్లో కోసిన తునికాకు చివరికి బీడీ కట్ట అయ్యాక, ఆ కట్ట మీద అంటించిన లేబులే దాని కులగోత్రాలు చెబుతుంది. లేబుల్ తీసేస్తే ఏ బీడీ ఎవరిదో చుట్టినవాడు కూడా చెప్పలేడు.

గుర్తుకు విలువ వచ్చినప్పుడే దొంగ గుర్తు కూడా వస్తుంది. ఇంగ్లండులో 1875లో మార్కాల రిజిస్ట్రేషన్ చట్టం చేశారు. 1876 జనవరి 1న బాస్ అనే బీరు కంపెనీ ఎర్ర త్రికోణం అక్కడ మొదటి నంబరుగా నమోదైంది. మన దేశంలో 1889లో సరుకు గుర్తుల చట్టం వచ్చింది. అది దొంగ గుర్తు వేసినవాణ్ణి శిక్షించేదే తప్ప, అసలువాడికి హక్కు పత్రం ఇచ్చేది కాదు. 1940లో ట్రేడ్‌మార్కుల చట్టం చేసి, 1942 జూన్ నుంచి రిజిస్ట్రేషన్ మొదలుపెట్టారు. అది బ్రిటిష్ ఇండియా చట్టం. మనం అప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్నాం. స్వాతంత్య్రం వచ్చాక 1958లో కొత్త చట్టం చేసి 1959 నవంబరు 25 నుంచి అమలుచేశారు. ఇప్పుడు నడుస్తున్నది 1999 నాటి చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది.

ఈ చివరి తేదీ హోటళ్ల వాళ్లు గుర్తుంచుకోవలసినది. అంతకు ముందు సరుకులకే మార్కా రిజిస్టరయ్యేది. హోటలు, రవాణా, వైద్యం, చదువు వంటి సేవలకు కాదు. ఒక హోటలువాడు తన పేరు నమోదు చేసుకోవాలనుకున్నా, ఏదో ఒక సరుకు పేరు చెప్పి చేసుకోవలసిందే. ఇప్పుడు సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులున్నాయి. మన వైపు దరఖాస్తులు అప్పుడు మద్రాసు కార్యాలయానికి వెళ్లేవి, ఇప్పుడూ తెలుగు రాష్ట్రాలు చెన్నై కార్యాలయం కిందనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఇంటి నుంచే కంప్యూటరు ద్వారా పంపుకోవచ్చు.

చార్మినార్ ఎవరిది?

ఒకే పేరు మీద వచ్చిన తగాదాల్లో మనకు బాగా దగ్గరిది చార్మినార్ తగాదా. వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ 1930లో హైదరాబాదులో పుట్టింది. దాని చార్మినార్ సిగరెట్టు ఎరగని టీ కొట్టు తెలంగాణలో ఉండేది కాదు. ఆ కంపెనీ చార్మినార్ అనే పేరును పొగాకు తరగతిలో, తయారైన పొగాకు సరుకులన్నింటికీ వర్తించేలా రిజిస్టరు చేయించుకుంది. తీరా చేస్తున్నది సిగరెట్లు మాత్రమే. విష్ణుదాస్ కిషన్‌దాస్ అనే పేరుతో వ్యాపారం చేస్తున్న విష్ణుదాస్ అదే చార్మినార్ పేరును జర్దాకు, ఖివాంకు, అంటే నమిలే పొగాకుకు కావాలన్నాడు. కంపెనీ రిజిస్ట్రేషనును సిగరెట్ల వరకే కుదించమని అడిగాడు.

వ్యవహారం రిజిస్ట్రీ నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో సుప్రీంకోర్టు విష్ణుదాస్ వాదనను ఒప్పుకుంది. ఒక తరగతిలో ఎన్నో సరుకులుంటాయి. వాటిలో ఒకటి మాత్రమే అమ్ముతూ, మిగతావి అమ్మే నిజమైన ఉద్దేశం కూడా లేకుండా, తరగతి మొత్తానికి పేరును కట్టివేసుకుని కూర్చోవడం కుదరదని దాని భావం. మన భాషలో చెప్పాలంటే, చెరువంతా నాదే అని పట్టా రాయించుకుని ఒక మడి మాత్రమే పారించుకునేవాడు, మిగతా నీళ్లకు ఎదుటివాణ్ణి ఆపలేడు.

ఈ తీర్పు తర్వాత 22 ఏళ్లకు మన తెలుగు వంటకు సంబంధించిన మరో తగాదాలో అక్కరకు వచ్చింది. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరుపడ్డ నందిని డీలక్స్ అనే హోటళ్ల వరుస ఉంది. 1989లో మొదలైంది. కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సమాఖ్య 1985 నుంచే పాలకు, పాల పదార్థాలకు నందిని అనే పేరు వాడుతోంది. హోటలువాళ్లు తమ పేరును మాంసం, చేపలు, కాఫీ, టీ వంటి ఆహార పదార్థాలకు రిజిస్టరు చేయమని అడిగితే పాల సమాఖ్య అడ్డు చెప్పింది. రిజిస్ట్రారు హోటలు వైపు, మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు, కర్ణాటక హైకోర్టు పాల సమాఖ్య వైపు నిలిచాయి. చివరికి 2018 జూలైలో సుప్రీంకోర్టు హోటలుకు అనుకూలంగా చెప్పింది. నందిని అన్నది ఎవరో కొత్తగా పుట్టించిన మాట కాదు, పురాణాల్లోని పేరు. రెండింటి బొమ్మలూ వేరు, ఒకదానికి ఆవు, ఇంకొకదానికి దీపం. సరుకులూ వేరు. కాబట్టి రెండూ ఉండవచ్చు. అయితే పాలు, పాల పదార్థాలకు మాత్రం హోటలువాళ్లు ఆ రిజిస్ట్రేషన్ అడగకూడదు. ఇక్కడ స్టేషన్ ఘన్‌పూర్ సూత్రమే పనిచేసింది. ఎవరి సరిహద్దు వారికి గీసి ఇద్దరినీ ఉండనిచ్చారు.

సరిహద్దు సరుకును బట్టే కాదు, ప్రాంతాన్ని బట్టి కూడా గీసిన సందర్భం ఉంది. కడుపునొప్పికి, అజీర్తికి వాడే అమృతధార మందు ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచే అమ్మకంలో ఉంది. 1923 నుంచి ఉత్తరప్రదేశ్‌లో ఇంకొకరు లక్ష్మణధార పేరుతో అలాంటి మందే అమ్మారు. 1962లో సుప్రీంకోర్టు, రెండు పేర్లూ వింటే పోలిక ఉందనే చెప్పింది. పల్లెటూరివాడు, పట్టణవాసి, చదువుకున్నవాడు, చదువురానివాడు కూడా కొనే మందు ఇది. కొట్లో నిలబడి ఏ కొనుగోలుదారూ రెండు సీసాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడు, మసకగా గుర్తున్న పేరునే అడుగుతాడు. ఆ లెక్కన చూస్తే లక్ష్మణధార ఓడిపోవాలి. కానీ అమృతధారవాళ్లు ఎన్నో ఏళ్లు చూస్తూ ఊరుకున్నారు. అవతలివాడు నిజాయితీగా వ్యాపారం పెంచుకున్నాడు. అందుకని ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణధార రిజిస్టరు కావచ్చని తేల్చారు. ఊరుకున్నవాడి హక్కు కాలం గడిచేకొద్దీ తరుగుతుందన్నది ఈ తీర్పు నేర్పే పాఠం. ఇప్పటి చట్టంలోనూ, ఎదుటివాడి రిజిస్టరైన మార్కాను తెలిసి తెలిసి అయిదేళ్లు వాడనిచ్చినవాడు ఆ తర్వాత మామూలుగా దాన్ని ఆపలేడు, అవతలివాడు దురుద్దేశంతో రిజిస్టరు చేయించుకుని ఉంటే తప్ప.

ఇద్దరూ ఉండలేని చోట

పై మూడింటినీ చూసి, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చన్నమాట అనుకుంటే పొరపాటే. అదే సరుకు, అదే సేవ, అదే పేరు అయినప్పుడు కోర్టులు గట్టిగానే ఉన్నాయి.

తమిళనాడు తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా అని ఒకటుంది. ఇరుట్టుకడై అంటే చీకటి కొట్టు. మసక వెలుతురులో నడిచిన దుకాణానికి జనమే పెట్టిన పేరు అది. దాన్ని పోలిన పేరుతో ఇంకొకరు హల్వా అమ్ముతూ, తమకూ రిజిస్ట్రేషన్ ఉందన్నారు. 2015లో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ముందు నుంచి వాడుతున్నవాడి హక్కే పైచేయి అంది. రిజిస్ట్రేషన్ కాగితం హక్కును పుట్టించదు. అప్పటికే వాడకంతో పుట్టిన హక్కును గుర్తిస్తుంది.

అనంతపురం వైపు మన పుట్టపర్తికి సంబంధించిన కేసు మరొకటి. బెంగళూరులోనూ పుట్టపర్తిలోనూ సాయి రినైసెన్స్ పేరుతో హోటలు నడిపేవారి మీద, రినైసెన్స్ పేరును రిజిస్టరు చేయించుకున్న విదేశీ హోటళ్ల సంస్థ దావా వేసింది. మా దగ్గరికి సత్యసాయి భక్తులు వస్తారు, వాళ్ల దగ్గరికి కోటీశ్వరులు వెళతారు, ఇద్దరి మధ్య పొరబడేవాడు ఎవడుంటాడన్నది ఇక్కడివారి వాదన. కర్ణాటక హైకోర్టు దాన్ని ఒప్పుకుంది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రిజిస్టరైన పేరుకూ మన పేరుకూ పోలిక ఉండి, సేవ కూడా అదే అయినప్పుడు గిరాకీ ధనికులా పేదలా అని చూడనక్కరలేదని చెప్పింది. ముందు ఒక దేవుడి పేరు తగిలిస్తే సరిపోతుందనుకునే మనవాళ్లు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

మానుకోటలో నా సహోద్యోగి ఒకాయన కొడుకు ఇలాగే ఇబ్బందిపడ్డాడు. హైదరాబాదులో పేరున్న ఒక హోటలు పేరుకు ముందు 'న్యూ' చేర్చి బిర్యానీ సెంటరు తెరిచాడు. వ్యాపారం బాగానే సాగింది. రెండో ఏడు నోటీసు వచ్చింది. బోర్డు, మెనూ కార్డులు, ప్లాస్టిక్ సంచులు, చివరికి ఆటోల వెనక వేయించిన ప్రకటనలు అన్నీ మార్చవలసి వచ్చింది. డబ్బు పోయినదానికన్నా, 'దొంగ పేరు పెట్టుకున్నాడట' అని ఊళ్లో వచ్చిన మాటకే ఆ తండ్రి ఎక్కువ కుంగాడు. ఆ కుర్రవాడి వంటలో ఏ లోపమూ లేదు. అరువు పేరు మీద తెచ్చుకున్న గిరాకీ ఆ పేరుతోనే వెళ్లిపోయింది.

అన్నదమ్ముల పంపకాలు

మన వైపు ఎక్కువగా కనిపించేది బయటివాడితో తగువు కాదు, ఇంట్లోవాళ్లతోనే. జనగామ పరిసరాల్లో నేను ఎరిగిన ఒక కుటుంబంలో తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్నారు. ఇల్లు రాశారు, పొలం రాశారు, దుకాణంలోని కాటా కూడా రాశారు. నలభై ఏళ్లు నడిచిన దుకాణం పేరు మాత్రం ఎవరికీ రాయలేదు. దాంతో ఇద్దరూ అదే పేరు పెట్టుకున్నారు. మొదట ఒకడు 'ఇదే అసలు' అని రాయించాడు. రెండోవాడు 'మాకు బ్రాంచీలు లేవు' అని రాయించాడు. పండుగకు పక్కపక్కన కూర్చోవడం మానుకున్నారు.

ఇలాంటివాటిలో చట్టం పూర్తిగా సాయపడదు. తన సొంత పేరును, ఇంటిపేరును నిజాయితీగా వ్యాపారానికి వాడుకునేవాణ్ణి ఆపకూడదని ట్రేడ్‌మార్కుల చట్టం 35వ సెక్షను చెబుతుంది. నగల వ్యాపారం చేసే ఒకే కుటుంబానికి చెందినవారు రాక్యాన్ అనే ఇంటిపేరు గురించి తగువుపడితే, 2014లో సుప్రీంకోర్టు ఈ సెక్షను ఆధారంగానే సొంత పేరు వాడుకున్నవారి వైపు నిలిచింది. అయితే సొంత పేరు సాకుతో ఎదుటివాడి గిరాకీని లాక్కోవాలని చూస్తే ఈ రక్షణ దొరకదు. అసలు మందు పంపకాల కాగితంలోనే ఉంది. పేరు ఎవరిది, రెండోవాడు ఏ మాట చేర్చుకోవాలి, ఏ ఊళ్లో పెట్టుకోవాలి అని రెండు వాక్యాలు రాసుకుంటే చాలు.

దేవుడి పేర్ల సంగతి ఇంకోటి. మన బోర్డుల్లో సగం దేవుళ్లవే. రామాయణం అనే పేరును అగరుబత్తీలకు తనకే సొంతం చేయమని ఒకరు అడిగితే, 2015లో సుప్రీంకోర్టు పవిత్ర గ్రంథాల పేర్ల మీద ఏ ఒక్కరికీ గుత్తాధిపత్యం ఉండదంది. అందరూ వాడే దేవుడి పేరు పెట్టుకుంటే నోటీసు భయం తక్కువ. కానీ రేపు ఎదురుగా ఇంకొకడు అదే పేరు పెడితే ఆపడమూ అంతే కష్టం. అందరి పేరులో మన గుర్తింపు మిగలదు.

మా శాఖ కాగితం చెప్పేది ఇది కాదు

ఇక్కడ నా ఉద్యోగానుభవం ఒకటి చెప్పాలి. 'మాకు రిజిస్ట్రేషన్ ఉంది సార్, పేరు మాదే' అని అమ్మకం పన్ను సర్టిఫికెట్ చూపించిన వ్యాపారులు నాకు వందల్లో తగిలారు. 1957 నాటి అమ్మకం పన్ను చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్ అయినా, 2005 ఏప్రిల్ నుంచి వచ్చిన వ్యాట్ కింద ఇచ్చినదైనా, 2017 జూలై 1 నుంచి నడుస్తున్న జీఎస్టీ కింద ఇచ్చినదైనా, పన్ను కట్టడానికి ఇచ్చే నంబరే తప్ప పేరు మీద హక్కు కాదు. కార్మిక శాఖ ఇచ్చే దుకాణాల రిజిస్ట్రేషనూ అంతే, పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే లైసెన్సూ అంతే. భాగస్వామ్య సంస్థను రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకున్నా, కంపెనీ పేరు ఆమోదం పొందినా, ఆ పేరు మార్కాగా మనదైపోదు.

అయితే ఆ పాత కాగితాలను తక్కువచేసి చూడకండి. ముందు నుంచి వాడుతున్నవాడి హక్కు గొప్పదని పైన చెప్పుకున్నాం కదా. చట్టం 34వ సెక్షను కూడా అదే అంటుంది. రిజిస్టరు చేయించుకున్నవాడు వాడకం మొదలుపెట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచే మనం ఎడతెగకుండా వాడుతుంటే అతను మనల్ని ఆపలేడు. కానీ ముందు నుంచి వాడుతున్నామని ఎలా రుజువు చేయాలి? పాత బిల్లు పుస్తకాలు, పేరున్న రసీదులు, పత్రికా ప్రకటనలు, అన్నింటికన్నా గట్టిగా ఏడాదివారీ అమ్మకం పన్ను అసెస్‌మెంటు ఆర్డర్లు. వాటి మీద దుకాణం పేరు, సంవత్సరం, అమ్మకాల మొత్తం, అధికారి సంతకం, ముద్ర ఉంటాయి. అంతకన్నా నమ్మదగిన సాక్షి దొరకడం కష్టం. జీఎస్టీ వచ్చాక పాతవి ఎందుకని చాలామంది మూటకట్టి తూకానికి అమ్మేశారు. మీ ఇళ్లలో మిగిలి ఉంటే బీరువాలో పెట్టండి.

దావా విషయంలో మరో మాట. ట్రేడ్‌మార్కు దావా జిల్లా కోర్టుకన్నా కింద వేయరు. రిజిస్టరైన మార్కా అయితే వేసేవాడు తాను ఉండే చోట, లేదా వ్యాపారం చేసే చోట కూడా వేయవచ్చు. అందువల్ల భూపాలపల్లిలోని చిన్న దుకాణదారు దూరపు నగరంలోని కోర్టుకు తిరగవలసి రావచ్చు. 2015లో సుప్రీంకోర్టు దీనికి కొంత హద్దు పెట్టింది. వాది ప్రధాన కార్యాలయం ఉన్న చోటే తగాదా కూడా పుట్టి ఉంటే, ఎక్కడో బ్రాంచీ ఉందని చెప్పి అక్కడికి ఈడ్చకూడదంది.

ఒక్కరిది కాని పేరు

ఇంతవరకు పేరు ఒక్కరిదా ఇద్దరిదా అన్న తగువులే చూశాం. ఊరందరి పేరు అనేది కూడా ఒకటుంది. అది మన జిల్లాలకు ఎంతో దగ్గరి విషయం.

ట్రేడ్‌మార్కుల చట్టం అమలైన 2003 సెప్టెంబరు 15నే భౌగోళిక గుర్తింపుల చట్టం కూడా అమల్లోకి వచ్చింది. ఒక ప్రాంతపు మట్టి, నీరు, చేతిపని వల్ల ఒక సరుకుకు పేరు వస్తే, ఆ పేరు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ అని ఇది ఒప్పుకుంటుంది. మొదట ఉత్పత్తిదారుల సంఘమో సంస్థో పేరు నమోదు చేయించాలి. తర్వాత ఒక్కొక్క కళాకారుడు, రైతు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావచ్చు. ట్రేడ్‌మార్కును అమ్ముకోవచ్చు, ఈ గుర్తింపును అమ్ముకోవడానికి వీల్లేదు.

జనగామ పక్కన హైదరాబాదు రోడ్డు మీదున్న పెంబర్తి ఇత్తడి పని అందరికీ తెలిసిందే. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు రేకుల పని చేసిన విశ్వకర్మల విద్య అది. రాజ్యం పోయాక తగ్గి, నిజాముల కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేస్తూ మళ్లీ నిలదొక్కుకుంది. ఉమ్మడి రాష్ట్రం ఉండగానే పెంబర్తి లోహ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో అచ్చులో పోసిన సరుకుకు పెంబర్తి పేరు పెట్టి అమ్మితే చట్టప్రకారం తప్పే.

రెండోది మిరప. పొట్టిగా, ఉబ్బుగా, టమాటా లాగా ఉండే చపాటా మిరపకు వరంగల్ చపాటా పేరుతో 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పండే పంట ఇది. కారం తక్కువ, రంగు ఎక్కువ. దరఖాస్తు వేసింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. వారికి శాస్త్రీయంగా అండగా నిలిచింది మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం. భూపాలపల్లి రైతు పండించిన కాయకు మహబూబాబాద్ శాస్త్రవేత్తల కృషితో వరంగల్ పేరు మీద హక్కు వచ్చిందన్నమాట. జిల్లాలు విడిపోయినా పేరు విడిపోలేదు.

అయితే సర్టిఫికెట్ గోడకు తగిలించుకుంటే సరిపోదు. పెంబర్తి కంసాలి, చపాటా రైతు తమ పేరును విడిగా నమోదు చేయించుకోవాలి. సరుకు మీద గుర్తు వేయాలి, నకిలీ కనిపిస్తే సంఘం ద్వారా ఫిర్యాదు చేయాలి. ఫారాలు నింపడం, ఆధారాలు జతచేయడం, గడువు చూసుకోవడం మనకు తెలిసిన పని. మన సంఘ సభ్యులు తీరిక ఉన్నవారు నెలకు ఒక్కరోజు ఈ పనికి ఇస్తే ఆ కుటుంబాలకు పెద్ద సాయమవుతుంది.

సభ్యులకు కొన్ని సూచనలు

మీ పిల్లలు దుకాణం పెట్టబోతుంటే, బోర్డు రాయించకముందే ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేరు వెదికించండి. వెదకడానికి ఖర్చు లేదు. పెద్ద పేరుకు 'న్యూ', 'శ్రీ', 'ఒరిజినల్' చేర్చి గట్టెక్కవచ్చని అనుకోకండి. మీ ఊరి పేరో, వస్తువు గుణమో మాత్రమే పేరుగా పెట్టుకుంటే రిజిస్టరు కావడం కష్టం, కాస్త కొత్త మాట కలపండి. చిన్న వ్యాపారులకు, వ్యక్తులకు 2017 నాటి నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. జర్నల్‌లో ప్రకటించాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. ఇప్పటికే ఏళ్ల తరబడి నడుస్తున్న దుకాణమైతే పాత బిల్లులు, అసెస్‌మెంటు ఆర్డర్లు వరుసగా ఫైలు చేయించండి. నోటీసు వస్తే భయపడి వెంటనే బోర్డు దించవద్దు, అలాగని చించి పారేయనూ వద్దు. మీరు ముందా, వారు ముందా అన్నది చూసుకుని న్యాయవాది ద్వారా గడువులోగా జవాబు ఇవ్వండి.

ఈ విషయంలో ఫారాలు చూపించుకోవాలన్నా, పాత అసెస్‌మెంటు ఆర్డర్లు ఎలా చదవాలో తెలుసుకోవాలన్నా, సంఘం నెలవారీ సమావేశానికి కాగితాలు తీసుకురండి. నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను. తెలియనిది న్యాయవాది మిత్రులను అడుగుదాం.